తలగొట్టిన కొలత

ఆదివారం వచ్చినవాళ్ళు మర్యాదస్తులే.
టోపీలు తీసి మరీ గేటు దాటారు.
మంగళవారానికి ఆ కంబ్రియా కొండ మీద
ఒక్క గొర్రె అరుపు లేదు.
దారికి అడ్డంగా మందునీళ్ళలో నానిన గడ్డి,
గేటుకి ఎర్రక్షరాల అట్ట.

పత్రికలో జోనస్ రెల్ఫ్ పేరుకి ముందు
ఒక విశేషణం చేరింది: స్ట్రికెన్.
హిల్డా ఆ కాగితాన్ని చింపలేదు, దాచలేదు.
బురద బూట్ల కింద పరిచింది.

దెబ్బ తిన్నవాడు అని అర్థం.
మన భాషలో దెబ్బని తింటాం,
ముద్ద తిన్నట్టే, మన నోటితోనే.
చేతులు కడుక్కోవడం కూడా మన పనే.
వాళ్ళ మాటలో తినడం లేదు.
కొట్టిందెవరో చెప్పదది,
తగిలినవాణ్ణి మాత్రం వాకిట్లో నిలబెడుతుంది.

గేటు దాటి రాకూడదు కాబట్టి
అక్క తిర్జా ఫోన్‌లోనే చదివింది,
ఒళ్ళో బరువైన నిఘంటువు పెట్టుకుని.
"వింటున్నావా?
వెయ్యేళ్ళ కిందట ఈ క్రియకి కొట్టడం తెలీదట.
నిమరడం తెలుసట. పైపైన చెయ్యి పోనివ్వడం."

అటునుంచి కెటిల్ ఈల.
ఎవరో దాన్ని దించారు.
"మరి మధ్యలో ఏమొచ్చింది దానికి?" అన్నాడు జోనస్.
తిర్జా పుట తిప్పింది. అక్కడ లేదు.
"నేను చూశాను," అన్నాడాయనే.
"తుపాకీ కుర్రాడు, ఇరవై కూడా ఉండవు,
ప్రతిదాని నుదుటా ముందు చెయ్యేసి నిమిరాడు.
నాలుగు వందల పన్నెండు సార్లు.
ఆ తరవాతే."

తిర్జా ఇంకా చదువుతోంది,
ఆపితే ఏం మాట్లాడాలో తెలీక.
ధాన్యపు కొలత మీద గుట్టని
అంచుకి సమంగా గీసే కర్రకీ అదే వేరు.
గీసిన కొలతని స్ట్రికెన్ అనేవారు.
(మనవాళ్ళూ తలగొట్టి కొలిచారు,
తలా లేదు, కొట్టడమూ లేదు, గింజలే.)

ఆ కర్ర కొట్టంలో ఉంది.
తాత బార్లీ గీసిన కర్ర, మధ్యలో అరిగి
కాస్త వంగిన వీపులా.
కర్రకి కోపం లేదు. గింజని ఎంచుకోదు.
అంచుకి పైనున్నదంతా పోతుంది,
కిందున్నది ఉంటుంది.

ఏముంది కింద?
కుక్క ఒకటి, పని లేక పడుకున్నది.
రెండేళ్ళకి సరిపడా ఎండుగడ్డి.
హిల్డా, ఆమె దగ్గు.
ఇంకా తేలని లెక్క ఏదో.

సాయంత్రం జోనస్ దొడ్డి దాకా వెళ్ళాడు.
అడ్డకర్ర నల్లగా మెరుస్తోంది,
ముత్తాత కాలం నుంచీ గొర్రెలు
ఒరుసుకుంటూ పోయినచోట.
ఉన్ని జిడ్డు పట్టి, గాజులా.
అరచెయ్యి దాని మీద పోనిచ్చాడు,
ఈ చివర నుంచి ఆ చివరకి,
మళ్ళీ.

రాత్రి ఫోన్ తనే చేశాడు.
"తిర్జా,
ఆ పాత అర్థం ఏమన్నావు, ఇంకోసారి చదువు."
వింటూ ఉన్నంతసేపూ
జిడ్డు చేతిని కడుక్కోకుండా
కాస్త దూరంగా, గాలిలో పట్టుకుని ఉన్నాడు.