ఎవని గొంతురా అది

ఏర్పుల ముత్యాలును మద్రాసు ముక్తారాజ్ చేసింది.
పేరైతే మారింది గని
నడక మారలే.
మర్రిగూడ బాయినీళ్ళు తాగిన మోకాళ్ళు
ఒకదాన్నొకటి ఒరుసుకునేటివి,
పండ్ల మీద ఇటుకరంగు గీతలు.
"మేకప్పు అక్కర్లేదు, రేపట్నించి రా"
అన్నడట మొదటి డైరెక్టరు.

ముప్పై ఏడు సినిమాలు.
జమీందారు ఎన్క కుంటి గుమస్తా,
బస్టాండుల బిచ్చగాడు,
తాళంచెవులు దొంగిలించే గూని పాలేరు,
రెండుసార్లు శవం.
శవానికి కాళ్ళు సాపు రాలేదని
దుప్పటి కప్పి తీసిండ్రు.

మాటలున్న వేషాలు సుత శాన ఏసిండు
గాని ఆ మాట ఆయనది గాదు.
"నీ యాస జనానికి ఎక్కదయ్యా" అని
డబ్బింగు తియేటర్ల ఇంకెవర్నో నిలబెట్టేది.
ఒక సినిమాల బొంగురు గొంతు,
ఒకదాంట్ల సన్నగొంతు,
ఒకసారైతే తుమ్ము సుత ఆయనది గాదు.

చండూరు టాకీసుల నేల మీద కూసోని
సాలమ్మ కొడుకును గుర్తువట్టింది.
"మావోడే, గదే నడక, గదే మెడ"
అని అటూ ఇటూ అందరికీ చెప్పుకుంటున్నది.
తెరమీద ముత్యాలు నోరు తెరిచిండు.
"ఎవని గొంతురా అది?"
అడిగింది తెరను గాదు,
పక్కన కూసున్న నన్ను.
నేనేం జెప్త.

కరువు సాల్ల
సాలిగ్రామంల కొనుక్కున్న ఇంటిజాగ అమ్ముకొని ఒచ్చిండు.
"డైరెక్షన్ నేనే జేస్త" అన్నడు.
కథంటే పెద్దగ ఏం లేదు.
ఒక ఊరు, ఒక బోరింగు,
దాని నీళ్ళు తాగొద్దని చెప్పనీకి ఒచ్చిన ఆఫీసరు
మిట్టమధ్యాహ్నం దూపయ్యి
అవే నీళ్ళు అడుగుతడు.
"డబ్బింగు లేదు. ఏడ మాట్లాడితే ఆడ్నే పట్టాలె."
మిషిన్ నా భుజానికి ఏసిండు,
చేతికి కర్ర, కర్ర కొసకు మైకు.
నాకు అంతకుముందు సైకిల్ పంచర్లు తప్ప ఏం రావు.

కెమెరా గుర్రుమంటుంటే
బుచ్చయ్య గొంగడి దెచ్చి దానిమీద కప్పినం.
ఆ ఉక్కకు కెమెరామెన్ రెండుసార్లు సోయి తప్పిండు.
ముత్యాలు కట్ అనకపోయేది.
"ఆపుండ్రి" అనేది,
కైకిలోళ్ళకు చెప్పినట్టు.

పద్దెనిమిది రోజులు తీసినం.
పైసలు పదకొండో రోజే ఒడిసినయి.

బొమ్మ మద్రాసు ల్యాబుల చిక్కింది.
బాకీ కడితేనే డబ్బాలిస్తమన్నరు.
మూడేండ్లు తిరిగిండు.
నాలుగో ఏడు పోతే ల్యాబే లేదట,
ఆ జాగల పెండ్లిళ్ళ హాలు లేచిందట.
ఎవరిదో పెండ్లైతుంటే తిని ఒచ్చిండు.
"సాంబారు మంచిగుండెరా" అన్నడు నాతోని.

మిగిలినయి నా కాడి టేపులు.
పదహారు సుట్టలు, బిస్కెట్ల రేకు డబ్బాల.

ఒకనాడు మిషిన్ కిరాయికి తెచ్చి
సాలమ్మ వాకిట్ల పెట్టినం.
బోరింగు కిర్రు. మేకపిల్ల.
"ఇది తాగితే ఏమైతదో
నన్ను జూస్తే తెలుస్తలేదా సారూ"
ముత్యాలు.
ముసలిది కండ్లు మూసుకోని ఇన్నది,
తలకాయ ఊపుకుంట, ఊపుకుంట.
అంతల ఎన్కనుంచి ఒక దగ్గు.
"అది నేనే గదరా!
దగ్గిన కాడ కోసెయ్యకపోతివా" అని
కరెంటు పోయేదాక నన్నే తిట్టింది.

ముత్యాలు పోయి ఆరేండ్లు.
పాడె మీద సుత కాళ్ళు సాపు రాలే.
ఎవరో దుప్పటి తెచ్చిండ్రు.
ఒద్దన్నం.

ఇప్పటికీ నెలకోసారి టేపు ఏసుకుంట.
ప్రతి ముక్క కొసకు "ఆపుండ్రి" అంటడు.
అప్పట్ల కర్ర మోసి మోసి
నా చెయ్యి బటన్ దాక జల్ది రాకపోయేది,
అందుకే ఆ మాట తర్వాత
ఇంకో నాలుగైదు సెకన్లు మిగిలినయి.
ఎవరో బిందె కింద పెడతరు.
ఎవరో "అయిపోయిందా?" అంటరు.