పదహారో సున్న

వీలింగ్ మైదానంలో రేకు సున్నలు పదిహేనే.
నిచ్చెన మీద నేను, ఆటకు అయిదు సెంట్ల కూలీని.
కింద మట్టిదిబ్బ మీద లూథర్ క్రెన్షా:
తోళ్ళ కార్ఖానా వాసన వదలని ఎడమచెయ్యి,
అది విసిరితే బంతి కనబడేది కాదు, వినబడేది.

ఆరో ఇన్నింగ్స్‌లో మాకొక్క పరుగు,
అదీ వాళ్ళవాడి చేతిలోంచి జారిందే.
మిగతాదంతా సున్నకు సున్న, హళ్ళికి హళ్ళి.

తొమ్మిదోదాంట్లో చివరివాడు గాలిని బాది
తానే బొంగరంలా తిరిగి కూలబడ్డాడు.
టోపీలు లేచాయి. నా పెట్టె ఖాళీ.
తిండిగిన్నె మూత ఊడదీసి మేకుకు తగిలించాను,
ఉడికిన దుంప అంటుకునే ఉంది.

బళ్ళో నాకొక్క సున్నకే బెత్తం.
ఆయన్ని తొమ్మిదింటికి భుజాలమీద మోశారు.

చీకటిపడ్డాక దించి పెట్టెలో వేస్తుంటే
మూత తప్ప
ఎవరి సున్న ఏదో తెలియలేదు.