కరెంటు రొద

నాలుగు క్యాసెట్లు, ముప్పై ఒక్క పాట.
అట్టపెట్టెలో సున్నం వాసన.
ఒకచోట టేపు తెగితే
కూతురి గోళ్లరంగుతో అతికించాడట పైడయ్య.

అన్నీ కంప్యూటరుకి తినిపించాను.
పాటకి మూడంకెలు చొప్పున కక్కింది:
వేగం, ఊపు, సంతోషం.
సంతోషం సున్నాకీ ఒకటికీ మధ్యే ఉంటుందని
ఆ రోజే తెలిసింది నాకు.

మొదటి క్యాసెట్టు నేలబారుగా నడిచింది,
రెండోదీ అంతే, కాస్త అటూ ఇటూ.
మూడోదాని దగ్గర గీత
గెడ్డ పొంగినట్టు లేచింది.
నిమిషానికి పన్నెండు దెబ్బలు ఎక్కువ,
గొంతులు గుంటల గొంతుల్లా సన్నగా, తళతళా.
నాలుగోది మళ్లీ నేల మీదే.

మూడోది నెల్లిమర్లలో మిల్లు మూసిన ఏడాదిది.
తప్పెటగుళ్లు కట్టినవాళ్లంతా
గోనెసంచుల పని పోయినవాళ్లే.
అప్పుడే ఇంత సంతోషమా అని
రెండు రాత్రులు బుర్రలో వ్యాసం రాసుకున్నాను:
ఆకలి మీద ఆట, గుండె మీద తప్పెట,
అన్నీ పెద్ద పెద్ద మాటలు.

మూడో రాత్రి
పాటకీ పాటకీ నడుమ ఖాళీని విన్నాను.
అడుగున సన్నటి రొద. కరెంటుది.
అది ఎక్కడైనా యాభై దగ్గరే మూలగాలి.
ఇక్కడ యాభై నాలుగు.

బెల్టు సాగిన మిషను మీద పట్టిన పాట,
మంచి మిషను మీద పరుగెత్తింది.
అంతే.
దిద్దాను. గీత పడుకుంది.

రెండూ పట్టుకెళ్లి పైడయ్యకి వినిపించాను.
దిద్దినదాన్ని విని,
"గొంతు నాదేనమ్మా. మరిదేటి ఇలగుంది,
జొరమొచ్చినోడు పాడినట్టు?" అన్నాడు.
పాతది పెట్టాను.
తప్పెట లేని రొమ్ము మీద వేళ్లు కదిలాయి.
"ఇదీ!
మా గుంటలు దీన్ని ఇనే నేర్సుకున్నారు.
దీనెనకాల ఎగరలేక మొదట్లో పడిపోయీవోరు.
తర్వాత అలవాటైపోనాది."

సాయంత్రం మిల్లు గోడ పక్కన
పదహారుమంది, గజ్జెలు, దుమ్ము.
ఫోను మీద వేలితో లెక్కపెట్టాను.
నూట అరవై రెండు.
తప్పు టేపులో ఉన్న వేగమే,
ఏ బెల్టూ లేకుండా.

నీళ్లు తాగడానికి వచ్చిన కుర్రాడు
"ఎంతొచ్చిందక్కా?" అని తొంగిచూశాడు.
చెప్పాను.
మూతి తుడుచుకుని,
"ఇంకా లేపగలం" అన్నాడు.