రెండో వైపు

లూషియస్ పెటవే రికార్డులో
రెండో వైపు, పదకొండో నిమిషం దగ్గర
ఒక దగ్గు వినిపిస్తుంది.
అది నాదే.

క్లీవ్‌లాండ్. డెబ్బై మూడు, ఫిబ్రవరి.
చర్చి కింద నేలమాళిగలో తొమ్మండుగురం,
పెటవే భార్యతో కలిపి.
బయట ఎరీ సరస్సు గడ్డకట్టుకుపోయింది.
లోపల హీటరు గొట్టాలు టకటకమంటుంటే
డ్రమ్మరు వాటితోనే తాళం కలిపాడు.

పగలంతా సిటీ బస్సుల కింద వెల్లకిలా పడుకుని
బ్రేకులు బిగించే మనిషి.
రాత్రి, గ్రీజు వదలని గోళ్ళతో
శాక్సఫోన్ పెట్టె తెరిచేవాడు.

పాట ఎత్తుకోడు. తగువు పెట్టుకుంటాడు.
ఒక్క స్వరాన్ని దొరకబుచ్చుకుని
గీకి, నమిలి,
అది రెండుగా చీలేదాకా వదలడు.
ఆ చీలికలోంచి
ఇంకా ఎవరూ పేరు పెట్టనిదొకటి
మరిగే గిన్నె మీద మూతలా
వణుకుతూ లేస్తుంది.

పేపర్లో "గోల" అని రాశారు. ఒకటే ముక్క.
వేసినవి మూడొందల కాపీలు;
సగానికి పైగా ఆయన గ్యారేజీలోనే
చెమ్మకి ఉబ్బిపోయాయి.
అట్టల మీద ఆవిడ
బంగాళాదుంప కోసి అద్దిన నీలం చేప,
ఏ రెండు చేపలూ ఒక్కలా ఈదవు.

గోలే అనుకున్నాన్నేనూ, ఆ రాత్రి.
జలుబు చేసి దగ్గలేదు,
లేచిపోవడానికి సాకు వెతుక్కుంటూ దగ్గాను.

విన్నాడు.
ఆగలేదు, నా వైపు చూడలేదు.
నా దగ్గుని, అదే బొంగురుతో, అదే తెంపుతో
తిరిగి పలికి
దాని చుట్టూ ఆరు నిమిషాల ఇల్లు కట్టాడు.

ముల్లు అక్కడికి చేరేసరికి
ఇప్పటికీ
గొంతు సవరించుకుంటాను.