రెండు నుంచి ఎనిమిది దాకా

డండీలో మంగళవారం, లైబ్రరీ వెనక గది.
హీటర్ మీద నాలుగు జతల తడి గ్లౌజులు.
"కొసలు పారెయ్యి," అంటుంది మోయిరా,
ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపిన మనిషి.
"ఒకట్లు, తొమ్మిదులు, గాలులు, డ్రాగన్లు, అన్నీ.
మొదటి స్టాపు, ఆఖరి స్టాపు మనకొద్దు.
మధ్యలో ఎక్కి మధ్యలో దిగేవాళ్లు చాలు."

రమ్మీలో ఆసుకీ రాజుకీ అలవాటుపడ్డ వేళ్లు నావి.
ఎర్ర డ్రాగన్‌ని వదలడానికి
మూడు చుట్లు పట్టింది.

ఎడమ పక్కన ఫెర్గస్ పారేసింది నాకు కావాలంటే
"చీ" అనాలట.
మా ఇంట్లో ఆ మాటతో కుక్కని గెంటేవాళ్లం.
సిగ్గుపడుతూనే అన్నాను.
అతను వద్దనుకున్న ఆరు
వచ్చి నా వరసలో కూర్చుంది.

చివరికి వెదురులో రెండూ మూడూ మిగిలాయి.
అటు ఒకటి వచ్చినా సరే, ఇటు నాలుగు వచ్చినా సరే
అనుకున్నాను.

ఫెర్గస్ ఒకటి వేశాడు.
వెదురు ఒకటి అంటే గీత కాదు, పిట్ట.
పచ్చటి తోక, ఎర్రటి ముక్కు.
నోరు తెరిచాను. మోయిరా తల అడ్డంగా ఊపింది.
"వరస కుదురుతుంది. చేయి కుదరదు."
కొస ముక్క మరి. ముట్టుకుంటే
ఇందాకటినుంచీ వదులుకున్నదంతా దండగ.

నా వంతులో ఏదో పనికిరానిది వచ్చింది, వేసేశాను.
ఆ తర్వాత డోరీన్, బిస్కెట్ నములుతూ,
పరధ్యానంగా నాలుగు వేసింది.

వెయ్యి పాయింట్లు.
ఇంతకన్నా చిన్న గెలుపు లేదట.
తెల్లటి పుల్ల ఒకటి నావైపు జరిపింది,
నడిమధ్య ఒక్క ఎర్ర చుక్క.

అందరూ ముక్కలు కలిపేస్తున్నారు.
నేనింకా పిట్ట ఎటు పోయిందా అని చూస్తున్నాను.