అడ్డగీత

సిరొంచ దవాఖానల టీకాల బుధవారం.
బల్ల మీద పెద్ద రిజిస్టరు, మరాఠీ గళ్లు.
"డిలివరీ కుఠే?" తల ఎత్తకుంటనే అడిగింది సిస్టరు.
"ఘరీ" అన్న. ఇంట్ల.
పెన్ను ఆగింది.
నా ఒళ్లె పిల్ల ఆవలించింది.

మిగిలిన గళ్లు టకటకా దాటేసింది.
సలైను, అడ్డగీత.
నొప్పులు పెంచే మందు, అడ్డగీత.
కోత, కుట్లు, కాన్పైనంక సూది.
ఐదు గీతలు
చచ్చిన చీమల లెక్క.

పెద్దోడప్పుడు ఇవే గళ్లు నిండినయి.
ఇక్కడనే, రెండో మంచం, కిటికీ దిక్కు.
నొప్పులు నిమ్మళంగ వస్తుంటే
"లేటు" అన్నరు.
ఎవలకు లేటో అడగలే.
సీసాలకెళ్లి చుక్క చుక్క దిగింది తొందర.
ఇగ నొప్పికీ నొప్పికీ నడుమ
ఊపిరి తీసే సందు లేదు.
కోసుడు తెలువలే, కుట్టుడు తెలిసింది.
ఏడు. లెక్కపెట్టిన.
నలభై రోజులు ఒక పక్కకే కూసున్న.

దవాఖానను తిట్ట.
ఆ రాత్రే పక్క మంచం మీదికొచ్చింది
ఆసరెల్లి కమలుబాయి, బిడ్డ అడ్డం తిరిగి.
వంతెన దాటిచ్చిండ్రు.
అవతల పొట్ట కోసి ఇద్దరినీ దక్కిచ్చిండ్రు.
ఆమె తన కోతకు పసుపు రాసి మొక్కుతదట.
నాదానికి ఏం రాయాల్నో
నాకు ఇంక తెలువలే.

రెండోసారి ముందుగాలనే అనుకున్నం.
ఎండకాలం, బాట గట్టిగుండే నెల.
గోడ మీద బొగ్గుతోటి జీపు బాలాజీ నంబరు.
నర్సు వందన ఐసు డబ్బాల సూది తెచ్చింది,
కొత్త బ్లేడు, దారం, చెవి గొట్టం.
ఎల్లుబాయి ముసల్ది
మిరపకాయల తొడిమెలు తీసుకుంట కూసుంది.
వందన గడియకోసారి కడుపు మీద గొట్టం పెట్టి
"గుర్రం మంచిగనే ఉరుకుతుంది" అనేది.
తక్కిన పొద్దంత ఎవలూ ఏం చెయ్యలే.
నడిచిన. దూలానికి కట్టిన చీర పట్టుకొని ఏలాడిన.
జావ తాగిన.
మొగని వంశాన్నంత తిట్టిన.
"ఇగ దగ్గరపడ్డది" అని నవ్వింది ఎల్లుబాయి.
లేవబోతే వందన ఆపింది:
కారం చేతులు!
మూడుసార్లు సబ్బు, ఆపైన గ్లౌజులు.
తెల్లారంగ, నేను మోకాళ్ల మీదుంటే,
ఆ చేతులల్లకే జారింది ఇది.

మాయ మాత్రం రాలే.
నెత్తురు చాప దాటింది.
ముసల్దాని నవ్వు ఆగింది.
వందన అప్పటికే సూది తీసింది,
తొడకు ఒక్కటి.
మాయ పడ్డది. నెత్తురు నిలిచింది.
వాకిట్ల జీపు ఇంజను బంద్ చెయ్యకుంట
ఎండ ఎక్కేదాక అట్లనే ఉన్నది.

సిస్టరూ, ఆ ఆఖరి గీత తుడువుండ్రి.
ఒక సూది ఉన్నది, రాయుండ్రి.
అట్లనే, ఆ పొద్దంత కూసున్నదానికి
గడి ఏమన్న ఉన్నదా?

బయట నల్లా కాడ పెద్దోడు తడుస్తున్నడు.
సిస్టరు సొరుగుల
తెల్లరంగు సీస వెతుకుతున్నది.