రెండు వందల పదిహేడు

మే పదకొండు, సిరొంచ.
గ్రామసభ ఆఫీసు రేకుల కింద
కూలర్‌లో నీళ్లయిపోయి గంటైంది.
తునికాకు కట్టల లెక్క
నా ఒళ్లో ల్యాప్‌టాప్‌తో పాటు వేడెక్కుతోంది.

పాత లెక్క జావాది.
ఎవరో నాగపూర్ నుంచి వచ్చి రాసి
హోటల్లో టీ బాకీ పెట్టి పోయాడట.
కల్లాల ఫోన్లలోంచి వచ్చే కొత్త లెక్క
నాది, పైథాన్‌ది.
రెంటికీ మధ్య వంతెన వేశాను.
ప్రాణహిత మీది దానికంటే చవగ్గా తేలింది,
దానికంటే తొందరగా బీటలిచ్చింది.

ముప్పై ఎనిమిది మందికి డబ్బుల గడి ఖాళీ.
ఎర్రగా అరిచి పడిపోయినా బాగుండు.
అరవదు. నల్ అంటుంది,
తలుపు తట్టినా పలకని ఇల్లులా.

మొదట ఇంటర్‌ఫేస్‌ని అనుమానించాను.
అది ఎవరి పిల్లవని అడగదు,
ఏ పనులొచ్చో చెప్పమంటుంది.
కట్టలు లెక్కపెట్టడం, రేటు చెప్పడం, సంతకం పెట్టడం
నా క్లాసు చేత ఒక్కోటీ ఒప్పజెప్పించాను.
ఒక పని పేరులో అక్షరం తప్పింది, దిద్దాను.
గేటు తెరుచుకుంది.
గడి మాత్రం అలాగే ఉంది.

తర్వాత పేర్లు.
మడావి బుచ్చక్క మరాఠీ కార్డులో బుచ్చుబాయి.
దొరికావులే అనుకుని చిటిక కూడా వేశాను.
కానీ ప్రోగ్రాం వెతికేది పేరుతో కాదు, నంబరుతో.

"కాయ్ ఝాలం మేడం, దొరికెనా?"
టీ గ్లాసు పెట్టాడు మున్షీ లస్మయ్య.
అతని మాట మరాఠీలో ఎక్కి తెలుగులో దిగుతుంది,
దారిలో ఏదీ జారిపోదు.
నాకు కొంచెం కుళ్లు పుట్టింది.

అటు ప్రింట్ చేశాను: 217.
ఇటు ప్రింట్ చేశాను: 217.
రెండూ ఒకటేనా అని అడిగాను.
కాదంది.
మళ్లీ అడిగాను, మనుషుల్ని అడిగినట్టు, గొంతు పెంచి.

గడప దగ్గర కూర్చున్న బుచ్చక్క అంది
"మా పాత కార్డోళ్లకే రాలే బిడ్డా.
మొన్న ఎక్కిన పోరగాళ్లకు పడ్డయి గద."

గ్లాసు కింద పెట్టేశాను.

పాత కార్డుల్ని జావా ఎప్పుడో
ఇంటిజర్ అనే చిన్న డబ్బీల్లో దాచింది.
పైథాన్‌కి అంకె అంటే అంకే,
చిన్నదో పెద్దదో దానికి పట్టదు.
వంతెన దాటించేటప్పుడే, ఎందుకైనా మంచిదని,
ప్రతి అంకెనీ లాంగ్ అనే పెద్ద డబ్బాలో పెట్టి పంపింది.
జావా లోపలి అంకె చూడదు,
ముందు డబ్బా చూస్తుంది.
కొత్తవాళ్లని ఎక్కించింది నా పైథానే,
వాళ్లు పెద్ద డబ్బాల్లోనే ఉన్నారు. దొరికారు.
ఇరవై ఏళ్లుగా ఆకు కోస్తున్నవాళ్లు
అసలు పుట్టనే లేదని తేలింది.

ఒక్క మాట మార్చాను:
దాటేటప్పుడు చిన్న డబ్బీలోనే దాటు.
పాతవాళ్లంతా వచ్చేశారు.
కొత్తవాళ్లు మాయమయ్యారు.

లస్మయ్య నవ్వాపుకోలేక బయటికి పోయాడు.

కొత్త కార్డుల్ని ఒక్కోటీ విప్పి
డబ్బీ మార్చి సర్దేసరికి మూడున్నర.
రెండుసార్లు కరెంటు పోయింది.
ఇన్వర్టర్ పిట్టలా కీచుమంటూనే ఉంది.

217: నాలుగు వేల రెండు వందల ముప్పై రూపాయలు.
చదివి వినిపించాను.
బుచ్చక్క కొంగుముడి విప్పి
చింతగింజలు నేల మీద పోసి
వరసకి పది చొప్పున పేర్చుకుంది,
కట్టల సంఖ్య నన్నే మళ్లీ చెప్పమంది.
నా లెక్క ఆమె లెక్కకి సరిపోయింది.
నేను ఊపిరి వదిలాను, ఆమె తలూపింది.

ఇక వేలిముద్ర ఒక్కటే మిగిలింది.
నెలరోజుల తునికి జిగురు ఆ బొటనవేలి మీద
నల్లగా, నున్నగా పట్టేసి ఉంది.
మిషన్ ఎర్రలైటు వెలిగించింది.

కొంగుతో తుడుచుకుంది.
ఉమ్మితో తడిపి మళ్లీ తుడుచుకుంది.
ఈసారి గట్టిగా నొక్కి పట్టి
నా మొహంలోకి చూస్తూ కూర్చుంది.